పేను లేని పేనుకొరుకుడు

శాంతికుమార్ తలలో ఏదో జరుగుతోందని మొదట చూసినవాడు సెలూన్ నాగబాబు. మర్నాడు ఆరాధనకి వెళ్లాలి కదా అని శనివారం పొద్దున్నే కొత్తవలస స్టేషన్ రోడ్డులోని సెలూనుకి వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు శాంతికుమార్. మెడచుట్టూ గుడ్డ కట్టి, తలమీద నీళ్లు చల్లి, కత్తెర ఆడిస్తూ ఎవరింట్లోనో పెళ్లి కబురు చెబుతున్న నాగబాబు వెనకవైపుకి వచ్చేసరికి ఠక్కున ఆగిపోయాడు. కబురూ ఆగింది, కత్తెరా ఆగింది.

“అన్నా, ఓసారి కదలకు,” అని ఫోన్ తీసి ఫోటో కొట్టి ముందుకు చాపాడు. “సూడు.”

ఫోన్లో ఎవరిదో తల. నల్లటి జుట్టు మధ్య రూపాయి బిళ్లంత మేర వెంట్రుకన్నదే లేదు. నున్నగా, ఒలిచిన కోడిగుడ్డులా మెరుస్తోంది. అది తన తలే అని అర్థం కావడానికి శాంతికుమార్‌కి కొంచెం సేపు పట్టింది.

“ఇదేటిరా?”

“పేనుకొరుకుడన్నా. పేను కొరికీసినాది.”

“నా తల్లో పేలు నేవురా!”

“ఆ పేను కనపడదన్నా. కొరికీసి ఎల్లిపోతాది. ఆ కొరికిన సోట మరి మొలవదు.”

కనపడని పేను ఏమిటో, అది ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి వెళ్లిందో అడుగుదామనుకున్నాడు శాంతికుమార్. కానీ ఈలోగా నాగబాబు వేరే పనుల్లో పడ్డాడు. బ్లేడు తీసి బయట పారేశాడు. దువ్వెన వేరే మగ్గులో డెట్టాలు నీళ్లలో ముంచాడు. మెడకి కట్టిన గుడ్డని దండెం మీద వెయ్యకుండా రెండు వేళ్లతో పట్టుకుని మూలకి విసిరాడు. చివరికి చెవి దగ్గరకొచ్చి గొంతు తగ్గించి, “తగ్గేవరకూ నువ్విక్కడికి రాకన్నా. నానే ఇంటికొస్తాను. మిగతావోళ్లు సూస్తే బాగోదు,” అన్నాడు.

ఆ మాట దగ్గరే శాంతికుమార్ బుర్రలో ఒక సంగతి దిగబడిపోయింది. ఇది అంటుకునేది.

శాంతికుమార్ రైల్వేలో గేటుమేన్. తండ్రి పట్టాల గ్యాంగులో పనిచేస్తూ చనిపోతే ఆ ఉద్యోగం ఇతనికి వచ్చింది. కొత్తవలస దాటాక కొండలవైపు వెళ్లే లైను మీద ఒక గేటు, దాని పక్కన గుమటి అనే చిన్న గది, గుమటిలో ఫోను, జెండాలు, మంచినీళ్ల కుండ. స్టేషన్ నుంచి ఫోను వస్తే గేటు వెయ్యడం, పచ్చజెండా పట్టుకుని నిలబడడం, బండి వెళ్లాక గేటు ఎత్తడం. పైనుంచి ఇనుపరాయి నింపుకుని వచ్చే గూడ్సులు పెట్టె తర్వాత పెట్టెగా పోతూనే ఉంటాయి, ఎర్ర దుమ్ము చెట్ల ఆకుల మీదా అతని చొక్కా మీదా పడుతూనే ఉంటుంది. అతను మాటకారి కాదు. గూడ్సు వెళ్లేటప్పుడు ఎలాగూ మాట వినపడదు కనుక మాట్లాడకపోవడం అలవాటైపోయిందని భార్య కృపారాణి వేళాకోళం చేసేది.

ఆ రోజుల్లో కృపారాణి ఇంట్లో లేదు. నెల్లిమర్లలో పుట్టింట్లో పురుడు పోసుకుని, ఆడపిల్లని కని, మూడో నెల రాగానే వస్తానని రోజూ ఫోన్ చేస్తోంది. పాపకి షీబా అని పేరు పెట్టారు. ఇంట్లో ఉన్నది శాంతికుమార్, అతని తల్లి కాంతం.

కాంతానికి చెప్పక తప్పలేదు. ఆవిడ కొడుకు తలని వెలుతురు వైపు తిప్పి చూసి, “ఓలమ్మో, పేనుకొరుకుడే!” అని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. వెంటనే ఉల్లిపాయ కోసి ఆ మచ్చ మీద రుద్దింది. నాలుగు రోజులు ఇల్లంతా ఉల్లిపాయ వాసన కొట్టింది తప్ప మరేమీ కాలేదు. తర్వాత ఎవరో చెప్పారని గురివింద గింజ అరగదీసి పట్టించింది. తెల్లారేసరికి ఆ చోట కాలినట్టు బొబ్బ లేచింది.

“మంటెడతన్నాదే అమ్మా!”

“మంటెడితేనే పని సేస్తన్నట్టు. ఓర్సుకో.”

డ్యూటీలో తనకి మార్పుగా వచ్చే బెన్హర్ దగ్గర టోపీ తీసి చూపించాడు. బెన్హర్ కళ్లు చికిలించి, “ఇది పేనూ కాదు, గీనూ కాదురా. ఇనుపరాయి దుమ్ము. ఆ దుమ్ము తల మీద పడి కుదుళ్లు తినీసినాది,” అని తేల్చేశాడు.

“మరి నువ్వు నా కంటే ముందునుంచీ ఇదే గేటులో ఉన్నావు కదా. నీకేటీ అవనేదేటి?”

బెన్హర్ తన తల తడుముకున్నాడు. “నాను నూనె రాస్తాను,” అన్నాడు.

బజార్లో ఒకతను బోరు నీళ్లన్నాడు. మందుల షాపతను విటమిన్ అన్నాడు. ఫోన్లో వీడియోలు చూస్తే ఒకాయన గుడ్డు తినమన్నాడు, ఇంకొకాయన గుడ్డు తినడం వల్లే వస్తుందన్నాడు. ఒకావిడ రాత్రిళ్లు ఆలోచించడం వల్ల వస్తుందంది. అప్పటిదాకా హాయిగా నిద్రపోయే శాంతికుమార్ ఆ మాట విన్నాకే నిద్ర మానేశాడు. ఈలోగా చెవి వెనక ఇంకో బిళ్ల వచ్చింది.

ఇన్ని మాటల్లో ఏది నిజమో అతనికి తెలియలేదు. నాగబాబు గుడ్డ మూలకి విసరడం మాత్రం కళ్లముందు నుంచి పోలేదు.

కృపారాణి వచ్చే ముందు రోజు తల్లి చేత మాట తీసుకున్నాడు. “దానికి సెప్పకే అమ్మా. పచ్చి బాలింత. బెంగెట్టుకుంటాది.”

“నానెందుకు సెప్తానురా,” అంది కాంతం.

కృపారాణి ఆటో దిగింది. భుజం మీద పాప, వీపు మీద లావుపాటి జడ. కడుపుతో ఉన్నప్పుడు ఆమె జుట్టు చూసి చర్చిలో ఆడవాళ్లంతా ఆశ్చర్యపోయేవారు. దువ్వితే ఒక్క వెంట్రుక ఊడేది కాదు. కృపారాణి శాంతికుమార్‌కి మేనమామ కూతురు. గౌను వేసుకుని తిరిగే రోజుల నుంచీ చూస్తున్నా, ఆటో దిగుతున్న ఆ మనిషిని చూసి అతనికి ఒక్కసారి సిగ్గనిపించింది. టోపీ సర్దుకున్నాడు.

“ఇంట్లో కూడా టోపీ ఏటి బావ?”

“సైనస్సు. సల్లగాలి తగలకూడదన్నారు.”

ఆమె నమ్మింది. నమ్మడానికేముంది, అతను అబద్ధం ఆడడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

వారం పది రోజులు బాగానే గడిచింది. ఒకే మంచం, ఒకే తలగడ, గోడ అద్దం కింద ఒకే దువ్వెన. తర్వాత ఒక పొద్దున్న కృపారాణి తలంటుకుని పెరటి మెట్టు మీద కూర్చుని చిక్కు తీసుకుంటూ, “బావా!” అని కేక వేసింది. గొంతులో భయం విని శాంతికుమార్ పరుగెత్తుకొచ్చాడు. ఆమె అరచెయ్యి చాపింది. అందులో నిమ్మకాయంత జుట్టు ఉండ.

“సూడు బావ. ఒక్క దువ్వుకి ఇంత. స్నానాల గదిలో ఇంకా ఉన్నాది. నిన్న అన్నంలో కూడా వచ్చినాది. ఏటైపోతన్నాది నాకు?”

శాంతికుమార్ ఆ ఉండని చూశాడు. చూసి, తనకి తెలియకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు.

అతని లెక్క అతనిది. తన దువ్వెన ఆమె తలలో, తన తలగడ ఆమె తల కింద, ఆ కనపడని పురుగు తన మీద నుంచి ఆమె మీదకి. ఇంకొంచెం దగ్గరకి వెళితే ఇంకొంచెం అంటుకుంటుందేమో అన్నట్టు వెనక్కి జరిగాడు. కృపారాణి చూసింది మాత్రం ఒక్కటే. మొగుడు తన జుట్టు చూసి వెనక్కి జరిగాడు. చాచిన చెయ్యి మెల్లగా మూసుకుంది.

ఆ రోజు నుంచి ఇల్లు వేరే ఇల్లయిపోయింది. శాంతికుమార్ ముందుగదిలో చాప వేసుకున్నాడు. తనకో దువ్వెన కొనుక్కుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తువ్వాలు విడిగా ఆరేసుకున్నాడు. బెన్హర్‌ని బతిమాలి అతని రాత్రి డ్యూటీలు కూడా తనే తీసుకున్నాడు. పాపని ఎత్తుకోమంటే చేతులు బాగోలేవనేవాడు. ఏమైందని అడిగితే ఏమీ లేదనేవాడు. కృపారాణి అద్దం ముందు నిలబడి నుదుటి పక్క పలచబడిన చోటు వేళ్లతో తడుముకునేది. తడుముకుంటే ఇంకొన్ని వేళ్లకి వచ్చేవి. ఒకసారి పాప గుప్పిట విప్పి చూస్తే అందులో తన వెంట్రుకలే చుట్టుకుని ఉన్నాయి. అవి ఒక్కొక్కటే తీస్తూ ఏడిచింది.

కాంతానికి రెండు వైపులా తెలుసు. కానీ కొడుక్కి మాట ఇచ్చేసింది. “బాలింతలకి ఊడతాదే, ఏటవదు,” అని కోడలికి ఒకసారి చెప్పింది గానీ, ఆవిడకే నమ్మకం లేదు. కొడుకుది చూశాక ఏది దేనివల్లో ఆవిడా చెప్పలేకపోయింది.

తర్వాత పాప తల. ఒక సాయంత్రం షీబా బోర్లా పడింది. కొత్తగా నేర్చిన విద్య. అందరూ చప్పట్లు కొట్టారు. శాంతికుమార్ గుమ్మంలోంచి చూస్తూ నవ్వబోయాడు. అంతలో పాప తల వెనక భాగం కనిపించింది. ఈ చెవి నుంచి ఆ చెవి దాకా వెంట్రుకలు రాలిపోయి నున్నగా ఉంది.

పాపని తను ఎత్తుకోవడం లేదే! ముట్టుకోవడం లేదే! తల్లి దగ్గర నుంచి పోయిందా? గాల్లో పోతుందా? అయితే తను ఈ ఇంట్లో ఉండడమే తప్పా?

మర్నాడు కృపారాణితో, “కొన్నాళ్లు మావ దగ్గర ఉండు,” అన్నాడు.

“ఎందుకు?”

“గాలి మార్పు.”

“వచ్చి ఎన్నాళ్లయినాది బావ? నానేటి సేసినాను?”

“నువ్వేటి సెయ్యనేదు.”

“సేయకపోతే ఎందుకు పంపించీస్తన్నావు?”

స్టేషన్ దాకా సంచీ మోశాడు, పాపని మోయలేదు. రైలు కదులుతుంటే కిటికీలోంచి కృపారాణి అతని వైపు చూడలేదు. తలమీద కొంగు గట్టిగా లాక్కుని పాప మొహం వైపు చూస్తూ కూర్చుంది.

ఆమె వెళ్లాక ఇల్లు ఊడవబోతే చీపురుకి ఇంకా ఆమె జుట్టు తగులుతూనే ఉంది. శాంతికుమార్ వంగి ఆ పోగుల్ని ఏరి, పారెయ్యాలో దాచాలో తెలియక చాలాసేపు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

మావ పరంజ్యోతి వచ్చే వరకూ అలాగే నడిచింది. పరంజ్యోతి జూట్ మిల్లులో చేసి మానేసిన మనిషి. కాంతానికి అన్నగారు, కృపారాణికి తండ్రి. ముప్పై ఏళ్లకే బట్టతల వచ్చేసింది. ఇప్పుడు చెవుల చుట్టూ ఒక తెల్లటి అంచు తప్ప తల మొత్తం మైదానం. దాని మీద లోకం వేసిన జోకులన్నీ ఆయనకి కంఠతా వచ్చు. తన మీద తనే ముందు వేసుకుంటాడు. కానీ ఆ రోజు గేటు దగ్గరకి వచ్చినప్పుడు ఆయన మొహంలో జోకు లేదు. ఇంటికి కూడా వెళ్లకుండా తిన్నగా గుమటి ముందుకొచ్చి నిలబడ్డాడు.

“ఒరే శాంతీ, నా పిల్ల జుట్టు రాలిపోతే ఒగ్గేస్తావేట్రా?”

శాంతికుమార్‌కి ముందు అర్థం కాలేదు. “ఏటి మావా?”

“ఏటి కాదు. అది తిండి మానీసినాది. అడగ్గా అడగ్గా నిన్న సెప్పినాది. ‘నా జుట్టు సూసి బావకి రోత పుట్టినాదయ్యా, దూరంగా పడుకుంటన్నాడు, షీబా గుంటని కూడా ముట్టుకోడు’ అని. నిజమేనేట్రా?”

ఫోను మోగింది. స్టేషన్ నుంచి. శాంతికుమార్ లోపలికి వెళ్లి మాట్లాడి, వచ్చి గేటు వేసి, జెండా పట్టుకుని నిలబడ్డాడు. గూడ్సు వచ్చింది. పరంజ్యోతి పక్కన నిలబడి అరుస్తూనే ఉన్నాడు. పెదాలు కదలడం తప్ప ఒక్క మాటా వినపడలేదు. పెట్టెలు పోతూనే ఉన్నాయి. శాంతికుమార్ కూడా ఏదో చెప్పడం మొదలుపెట్టాడు. అన్ని వారాలుగా రాని మాట ఆ మోతలో వచ్చింది. ఎవరికీ వినపడదని తెలిసి వచ్చిందో ఏమో, ఆగకుండా వచ్చింది. ఆఖరి పెట్టె వెళ్లిపోయి చప్పుడు ఆగేసరికి అతని గొంతు ఒక్కటే మిగిలింది.

“…నానే అంటించీసినాను మావా, నా పిల్లకి కూడా!”

“ఏటంటించినావు?”

శాంతికుమార్ టోపీ తీశాడు. వెనక బొబ్బ మానిన మచ్చ, చెవి వెనక ఒకటి, నడినెత్తికి దగ్గరగా కొత్తది ఇంకొకటి. పరంజ్యోతి నోరు తెరిచి చూశాడు. కోపం ఎటు పోయిందో పోయింది. కాసేపటికి తన బట్టతల మీద అరచేత్తో ఒక్కటి చరుచుకున్నాడు.

“ఓరి ఎర్రోడా! మరి నాదెవుడంటించినాడ్రా? నీ పుట్టుక ముందే పోయినాది కదా ఇది!”

శాంతికుమార్ ఆ తల వైపు చూశాడు. నిజమే. ఈ సంగతి తనకి ఎందుకు తట్టలేదు? కానీ మావది ఇలా బిళ్లలు బిళ్లలుగా లేదు. నుదుటి నుంచి వెనక్కి పోయింది. కృపారాణిది తలంతా ఊడుతోంది. పాపది వెనక ఒక్కటే. ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంది. అంటుకున్నదయితే అందరికీ ఒకేలా రావద్దా? అంటుకోలేదంటే అందరికీ ఒకేసారి ఎలా వచ్చింది?

“అంటుకోదంటావా మావా?”

“అంటుకోదనే అనుకుంటన్నాను,” అన్నాడు పరంజ్యోతి. అంటూనే ఎందుకైనా మంచిదని కొంచెం పక్కకి జరిగాడు. అది శాంతికుమార్ చూశాడని గమనించి మళ్లీ దగ్గరకొచ్చాడు. “డాక్టర్ని అడుగుదాంరా. అందరం ఎల్దాం.”

విజయనగరంలో చర్మం డాక్టరమ్మ పేరు అనూరాధ. ఆవిడ గదిలోకి ఒకేసారి అయిదుగురు వచ్చేసరికి, “పేషెంటు ఎవరు?” అని అడిగింది. అందరూ ఒకేసారి మాట్లాడారు.

శాంతికుమార్ తల సంగతి అప్పటికే కృపారాణికి తండ్రి చెప్పేశాడు. ఆమె భర్త వైపు చూడకుండా పాపని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. శాంతికుమార్ టోపీ తీసినప్పుడు మాత్రం తిరిగి చూసింది. చూసి మొహం తిప్పుకోలేదు.

డాక్టరమ్మ భూతద్దం పెట్టి అతని మచ్చలు చూసింది, గోళ్లు చూసింది. “పేను కాదు, పురుగూ కాదు. ఎవరి నుంచీ మీకు రాలేదు, మీ నుంచి ఎవరికీ పోదు. మన ఒంట్లో రోగాల మీద పోట్లాడే కాపలావాళ్లు ఉంటారు. వాళ్లు పొరపాటున మీ వెంట్రుక కుదుళ్ల మీదే పడ్డారు. కుదుళ్లు చచ్చిపోలేదు, పని ఆపాయంతే. చాలామందికి మళ్లీ వస్తాయి. కొందరికి వచ్చి మళ్లీ పోతాయి.”

“ఎందుకు పొరపాటు పడ్డారమ్మా వాళ్లు?” అన్నాడు శాంతికుమార్.

“మీకే ఎందుకు, ఇప్పుడే ఎందుకు అంటే నాకు తెలీదు. నాకే కాదు, ఇప్పటిదాకా ఎవరికీ పూర్తిగా తెలీదు.” ఆవిడ బొబ్బ మచ్చ మీద వేలు పెట్టింది. “ఇదేంటి, కాల్చారా?”

కాంతం నేల చూసింది. “గురివింద గింజమ్మా.”

“అది విషం. ఇంట్లో పసిపిల్ల ఉండగా అది తెచ్చి పెట్టుకున్నారా?” అని డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. కాంతం కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తర్వాత కృపారాణి. ఆమె రెప్పలు లాగి చూసి రక్తం తక్కువున్నట్టుంది, పరీక్ష చేయిద్దాం, థైరాయిడ్ కూడా చూద్దాం అంది. “కడుపుతో ఉన్నప్పుడు అస్సలు ఊడలేదు కదూ? రోజూ రాలిపోవాల్సినవి రాలకుండా ఆగాయి. కాన్పయ్యాక మూడు నాలుగు నెలలకి అవన్నీ ఒకేసారి దిగుతాయి. భయం లేదు. కొత్తవి వస్తాయి, కొన్ని నెలలు పడుతుంది.” పాప తల నిమిరి నవ్వింది. “ఇది ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టడం వల్ల. పుట్టిన వెంట్రుకలు ఎలాగూ పోయేవే.”

“అది కాదమ్మా,” అన్నాడు శాంతికుమార్. అతని తలలో ముడి ఇంకా వీడలేదు. “ఒకే ఇంట్లో, ఒకేసారి, ముగ్గురికి. దేనికది వేరే ఎలాగవుతాది?”

“మీరేం చేస్తారు?”

“గేటుమేన్.”

“మీ గేటు దగ్గర ఒకదాని వెనక ఒకటి మూడు బళ్లు వచ్చిన రోజు లేదా? మొదటిదే మిగతా రెండింటినీ లాక్కొచ్చిందా?”

శాంతికుమార్ ఆలోచించాడు. బళ్ల సంగతి అర్థమైంది. జుట్టు సంగతి సగమే అర్థమైంది.

“మరి నాదో?” అన్నాడు పరంజ్యోతి, పిలవని పేరంటానికి వచ్చినట్టు.

“మీది వంశంలో వచ్చేది. మగవాళ్లలో ఇలా నుదుటి నుంచి వెనక్కి పోతుంది. అదే ఆడవాళ్లకి వస్తే పాపిడి దగ్గర పలచబడుతుంది. అక్కచెల్లెళ్లకి కూడా ఉంటుంది కొన్ని ఇళ్లల్లో.”

కాంతం చెయ్యి తన కొప్పు మీదకి వెళ్లింది. గదిలో అందరూ ఆవిడ వైపు చూశారు. డాక్టరమ్మ మెత్తగా, “మీకూ ఉందా అమ్మా?” అంది.

“మా అన్న ముందు తియ్యను,” అంది కాంతం.

పరంజ్యోతికి అప్పటికీ అర్థం కాలేదు. శాంతికుమార్‌కి మెల్లగా అర్థమైంది. తల్లి ఎప్పుడూ తలుపేసుకునే ఎందుకు తల దువ్వుకుంటుందో, చర్చికి వెళ్లే వేళ ఎంత తొందరైనా కొప్పు దగ్గర ఎవరినీ ఎందుకు చెయ్యి వెయ్యనివ్వదో. పెట్టుకునేది సవరం. ఎన్నేళ్లుగానో. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరికీ అదే పోతే, అన్న దాన్ని ఊరంతా తిప్పి నవ్వించాడు, చెల్లెలు గదిలో తలుపేసి దాచుకుంది. డాక్టరమ్మ మగవాళ్లని బయటికి పంపి ఆవిడ తల చూసింది. ఏం చెప్పిందో కాంతం ఎవరికీ చెప్పలేదు. బయటికి వచ్చేటప్పుడు మాత్రం అన్నతో, “నవ్వినావంటే ఊరుకోను,” అంది.

“నానెందుకు నవ్వుతానే కాంతం,” అన్నాడు పరంజ్యోతి. నిజంగానే నవ్వలేదు.

మందుల కోసం పెద్దవాళ్లిద్దరూ వెళితే, ఆస్పత్రి వరండా బల్ల మీద భార్యాభర్తలు మిగిలారు. కృపారాణి అంది. “నీ తల నాకు సూపించడానికి నీకేటయినాది?”

“నువ్వు బెంగెట్టుకుంటావని.”

“ఇప్పుడు బెంగెట్టుకోనేదా? నా పాటికి నాను అద్దం ముందు సచ్చిపోనాను బావ. నీకేమో రోతనుకున్నాను. గుంటని కూడా నా మూలంగానే ముట్టుకోవట్లేదనుకున్నాను.”

“నీ మూలంగా కాదు, నా మూలంగా.”

“అది నాకెలా తెలస్తాది? నువ్వు సెప్తే కదా!”

దాక్కోవడానికి ఇక్కడ గూడ్సు మోత కూడా లేదు. శాంతికుమార్ చేతులు చాపాడు. కృపారాణి వెంటనే ఇవ్వలేదు. కొంచెం సేపు ఆ చేతుల వైపు చూసి, తర్వాత పాపని వాటిలో పెట్టింది. షీబా తండ్రి మొహం వైపు, ఎవరీ మనిషి అన్నట్టు చూసి, అతని టోపీ పట్టుకుని లాగేసింది.

కృపారాణి ఆ వారమే రాలేదు. రక్తానికి మాత్రలు వాడుకుంటూ ఇంకో నెల నెల్లిమర్లలోనే ఉంది. కోపం తగ్గడానికి కూడా మాత్ర ఉంటే బాగుండునని పరంజ్యోతి అన్నాడు. శాంతికుమార్ సెలవు దొరికినప్పుడల్లా వెళ్లి పాపని ఎత్తుకుని వచ్చేవాడు. మచ్చల్లో ఇంజక్షన్లు చేయించుకున్నాడు, రాసే మందు రాశాడు. నెల పోయాక ఒక ఆదివారం కృపారాణి తనే సంచీ సర్దుకుని, “ఎల్దాం పద,” అంది.

పాపకి ఏడాది నిండే వేళకి కృపారాణి నుదుటి చుట్టూ కొత్త వెంట్రుకలు చిట్టిగా, నిక్కబొడుచుకుని మొలిచాయి. ఎంత నూనె రాసినా అణిగేవి కావు. పాపకి గిరజాలొచ్చాయి. శాంతికుమార్‌కి వెనక మచ్చలో ముందు తెల్లటి నూగు వచ్చి, తర్వాత నల్లబడింది. చెవి వెనకది నిండింది. నడినెత్తిది సగం నిండి ఆగిపోయింది. అన్నీ సర్దుకున్నాయనుకునే వేళకి గడ్డంలో, కుడి దవడ మీద, కొత్తగా పావలా అంత మచ్చ కనిపించింది.

పాప మొదటి పుట్టినరోజు ప్రార్థనకి ఇంటికి జనం వచ్చారు. భోజనాల దగ్గర మాట జుట్టు మీదకి వెళ్లింది. తన ఉల్లిపాయ వల్లే మొలిచిందని కాంతం, నూనె రాయమని తను చెప్పబట్టే అని బెన్హర్, ఉపవాస ప్రార్థన పెట్టినందుకేనని సంఘంలో ఒక పెద్దావిడ, ఇంజక్షను అని పరంజ్యోతి వాదించుకున్నారు. ఇంజక్షనే అయితే చెవి వెనకది ఇంజక్షను చెయ్యకముందే ఎందుకు మొలవడం మొదలైందని బెన్హర్ అడిగాడు. ఉల్లిపాయే అయితే గడ్డంలో కొత్తది ఎందుకొచ్చిందని పరంజ్యోతి అడిగాడు. అయినా ఎవరూ తగ్గలేదు.

“నువ్వు సెప్పరా శాంతీ, తల నీది కదా,” అన్నాడు బెన్హర్.

శాంతికుమార్ దవడ మీద మచ్చ తడుముకున్నాడు. దేనివల్ల పోయిందో తెలీదు. దేనివల్ల వచ్చిందో తెలీదు. ఇది ఉంటుందో పోతుందో కూడా తెలీదు. “నాకేటి తెలుసు,” అన్నాడు.

కృపారాణి పెరుగు గిన్నెతో వచ్చింది. అందరూ చూస్తుండగానే వేలితో అతని గడ్డం పైకెత్తి మచ్చ వైపు చూసి, “నిన్నటికంటే కొంచెం పెరిగినాది,” అని చెప్పి, పెరుగు వేసి, పక్క విస్తరి దగ్గరకి వెళ్లింది.